సేవా సెలవు: జీతమిచ్చే సంస్థకు జవాబుదారీ లేదా?

ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ 2026ను సుస్థిర అభివృద్ధి కోసం అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుల సంవత్సరంగా ప్రకటించింది. పెద్ద కంపెనీల వార్షిక నివేదికల్లో ఒక అంకె ఎప్పుడూ ప్రముఖంగా కనిపిస్తుంది. తమ ఉద్యోగులు ఆ ఏడాది సమాజసేవకు ఎన్ని గంటలు వెచ్చించారన్నది ఆ అంకె. అందులో కొంత భాగం జీతం తీసుకుంటూనే విదేశాలకు వెళ్ళి, అక్కడి పిల్లల మధ్య గడిపిన గంటలు. వాటి వల్ల ఉద్యోగికి తృప్తి, సంస్థకు మంచి పేరు దక్కుతాయి. ఆ పిల్లలకు ఏం దక్కుతుందన్న ప్రశ్న మాత్రం నివేదికల్లో అరుదుగా కనిపిస్తుంది. దక్షిణాసియా దేశాలు ఇటువంటి సందర్శకులకు చిరకాలంగా గమ్యస్థానాలు. కనుక ఈ ప్రశ్న వేయవలసిన బాధ్యత మన మీదే ఎక్కువగా ఉంది.

జీతంతో కూడిన సేవా సెలవు కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలో జిరాక్స్ సంస్థ 1971లోనే తన ఉద్యోగులు ఒక ఏడాది వరకు పూర్తి జీతంతో సామాజిక సంస్థల్లో పనిచేసే ఏర్పాటు చేసింది. టింబర్‌లాండ్ అనే పాదరక్షల కంపెనీ 1992లో 16 గంటలతో ప్రారంభించి, తరువాత దాన్ని 40 గంటలకు పెంచింది. సేల్స్‌ఫోర్స్ ఏడాదికి ఏడు పనిదినాలు ఇస్తోంది. బ్రిటన్‌లో 2015 ఎన్నికల ముందు అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్, 250 మందికి మించి సిబ్బంది ఉన్న కంపెనీలలోను, ప్రభుత్వ రంగంలోను పనిచేసే ఉద్యోగులందరికీ మూడు రోజుల సేవా సెలవు ఇస్తామని వాగ్దానం చేశారు. ఎన్నికల్లో గెలిచారు గాని, ఆ వాగ్దానం చట్టరూపం దాల్చలేదు.

ఈ సెలవుల్లో అధిక భాగం ఉద్యోగి ఉన్న ఊళ్ళోనే ఖర్చవుతుంది. చెట్లు నాటడం, రక్తదానం, బడికి రంగులు వేయడం వంటివి. వాటి మంచిచెడులు ఎవరికైనా కంటికి కనిపిస్తాయి. రంగు సరిగా వేయకపోతే ప్రధానోపాధ్యాయుడే చెబుతాడు. విదేశంలోని ఒక బాలల ఆశ్రమానికి వెళ్ళి రెండు వారాలు గడిపి వచ్చినప్పుడు ఆ అవకాశం ఉండదు. వెళ్ళినవారికి అక్కడి భాష రాదు. ఆశ్రమం వెనుక కథ తెలియదు. తిరిగి వచ్చాక అడిగేవారూ ఉండరు.

నేపాల్ అనుభవం ఈ విషయంలో అందరికీ పాఠ్యగ్రంథం వంటిది. 1996 నుంచి 2006 వరకు సాగిన మావోయిస్టు సాయుధ పోరాట కాలంలో, హుమ్లా వంటి మారుమూల కర్ణాలీ జిల్లాలకు దళారులు వచ్చేవారు. ‘మీ పిల్లవాణ్ణి కాఠ్మండూలో మంచి బడిలో చదివిస్తాం, యుద్ధం నీడ పడకుండా చూస్తాం’ అని చెప్పేవారు. తల్లిదండ్రులు అప్పు చేసి, పొలం అమ్మి ఆ దళారులకు సొమ్ము చెల్లించేవారు. రాజధానికి చేరాక ఆ పిల్లలకు తల్లిదండ్రులు చనిపోయినట్లు పత్రాలు పుట్టేవి. కొందరికి పేర్లు సైతం మారేవి. ఊళ్ళో అమ్మ బతికే ఉంది. కాగితం మీద మాత్రం ఆ పిల్లవాడు అనాథ.

ఈ వ్యాపారానికి గిరాకీ ఎక్కడి నుంచి వచ్చిందో భౌగోళిక పటం చూస్తే చాలు. 2015 నాటి యూనిసెఫ్ సమాచారం ప్రకారం నేపాల్ బాలల ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో కనీసం 85 శాతం మందికి తల్లి గాని, తండ్రి గాని సజీవంగా ఉన్నారు. దేశంలోని ఆశ్రమాల్లో 90 శాతం అప్పటి 75 జిల్లాల్లో కేవలం ఐదింటిలోనే ఉన్నాయి. అవి కాఠ్మండూ, లలిత్‌పూర్, భక్తపూర్, పోఖరా ఉన్న కాస్కీ, చిత్వన్. పేదరికం అధికంగా ఉన్న జిల్లాలు కావివి. పర్యాటకులు అధికంగా వచ్చే జిల్లాలు. అనాథలు ఎక్కడ ఎక్కువగా ఉంటారో అక్కడ ఆశ్రమాలు వెలియడం సహజం. విమానాశ్రయానికి, సరస్సుకు, ఏనుగుల అభయారణ్యానికి దగ్గరగా వెలిశాయంటే, అవి ఎవరి అవసరం కోసం నడుస్తున్నాయో వేరే చెప్పనక్కరలేదు.

2015 ఏప్రిల్ 25న వచ్చిన భూకంపం తరువాత ఈ భయం మరింత పెరిగింది. ప్రపంచమంతటి నుంచి సాయం చేయాలన్న తపనతో మనుషులు, డబ్బు నేపాల్‌కు ప్రవహించాయి. దళారులూ కదిలారు. నేపాల్ ప్రభుత్వం పదహారేళ్ళ లోపు పిల్లలు తల్లిదండ్రులు లేదా ఆమోదిత సంరక్షకులు లేకుండా జిల్లా దాటరాదని ఆదేశించింది. విదేశీ దత్తతలను నిలిపివేసింది. కొత్త ఆశ్రమాల నమోదును ఆపింది. అయినా ఆ తరువాతి రెండు నెలల లోపే, అక్రమ రవాణా నుంచి, ఆశ్రమాల్లో అనవసరంగా చేర్చే ప్రయత్నాల నుంచి కనీసం 245 మంది పిల్లలను కాపాడినట్లు యూనిసెఫ్ ప్రకటించింది. పట్టుబడినవారి లెక్క అది.

వెళ్ళే ఉద్యోగి దురుద్దేశంతో వెళ్ళడని చెప్పడానికి నేను వెనుకాడను. అత్యధికులు మంచి మనసుతోనే వెళతారు. ఒక మధ్యవర్తి సంస్థకు రుసుము కడతారు, ఆశ్రమానికి విరాళం ఇస్తారు, పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెబుతారు, వచ్చే ముందు కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఆ రుసుము, ఆ విరాళం ఆశ్రమంలో పిల్లలు ఉన్నంత కాలమే వస్తాయి. పిల్లవాడు ఇంటికి వెళ్ళిపోతే ఆదాయం ఆగిపోతుంది. అందుచేత ఆశ్రమ నిర్వాహకుడు ఎంత మంచివాడైనా, పిల్లవాణ్ణి కుటుంబానికి చేర్చాలన్న ప్రయత్నం అతని లాభానికి విరుద్ధం. నిర్వాహకుడు చెడ్డవాడైతే పిల్లలు బక్కచిక్కి కనిపించడమే అతనికి మేలు. చూడడానికి వచ్చినవారి జాలి అప్పుడే పొంగుతుంది.

పిల్లల మనసు సంగతి వేరు. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో ప్రారంభమైన ఒక దీర్ఘకాలిక అధ్యయనంలో, ఆశ్రమాల్లోని 136 మంది పసిపిల్లలను పరిశీలించారు. వారిలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. కుటుంబాలకు వెళ్ళిన పిల్లల మేధావికాసం మెరుగైంది. ఎంత చిన్న వయసులో వెళితే మేలు అంత ఎక్కువగా కనిపించింది. పసివాడికి కావలసింది మారకుండా ఉండే ఒక ముఖం. సేవా సెలవు మీద వచ్చేవారు రెండు వారాలకొకరు మారతారు. ఎత్తుకుని, ముద్దుచేసి, పేరు పెట్టి పిలిచి, ఒక శనివారం ఉదయం వెళ్ళిపోతారు. దక్షిణ ఆఫ్రికా పరిశోధకులు 2010లోనే ఈ ధోరణిని విమర్శించారు. కొత్తవారు కనబడగానే పరుగెత్తుకొచ్చి ఒళ్ళో కూర్చునే పిల్లవాణ్ణి చూసి మనం ‘ఎంత ప్రేమ’ అనుకుంటాం. బాలల మనస్తత్వ నిపుణులు దాన్ని బంధం తెగిన పిల్లల లక్షణంగా గుర్తిస్తారు.

ఇక్కడే నేను ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్నకు వస్తున్నాను. ఒక యువతి తన సొంత సెలవులో, తన సొంత ఖర్చుతో ఇటువంటి ప్రయాణం చేస్తే అది ఆమె వ్యక్తిగత నిర్ణయం. తప్పయినా ఒప్పయినా ఆమెదే. ఆ రోజులకు కంపెనీ జీతం చెల్లిస్తే, ఆ గంటలను తన నివేదికలో లెక్క చూపుకుంటే, ఆ ఫొటోలను తన ప్రచారానికి వాడుకుంటే, అది కంపెనీ చేసిన పనే. ఆఫీసులో వాడే కాగితం ఏ అడవి నుంచి వచ్చిందో, టీ షర్టు ఏ కర్మాగారంలో కుట్టారో వాకబు చేసే సంస్థ, తన ఉద్యోగి ఎత్తుకున్న పిల్లవాడు ఆ ఆశ్రమానికి ఎలా చేరాడో వాకబు చేయదా? సరఫరా గొలుసు మీద ఉన్న శ్రద్ధలో పదో వంతు ఇక్కడ లేదు.

ఈ దిశలో ముందడుగు వేసిన దేశం ఆస్ట్రేలియా. అక్కడి పార్లమెంటరీ కమిటీ 2017 డిసెంబరులో సమర్పించిన నివేదికలో, ఆశ్రమాలను నింపడం కోసం పిల్లలను తరలించడాన్ని ప్రత్యేకంగా చర్చించింది. మరుసటి ఏడాది ఆధునిక బానిసత్వ చట్టం వచ్చింది. ఆ సందర్భంలోనే ఆశ్రమాల కోసం జరిగే పిల్లల అక్రమ రవాణాను ఆధునిక బానిసత్వ రూపంగా గుర్తించిన తొలి దేశంగా ఆస్ట్రేలియా నిలిచింది. ఏటా 10 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు తక్కువ కాని ఆదాయం ఉన్న సంస్థలు తమ కార్యకలాపాల్లోను, సరఫరా గొలుసుల్లోను ఇటువంటి ముప్పు ఉన్నదీ లేనిదీ ఏటా నివేదించాలి. జీతమిచ్చి పంపే సేవా యాత్ర కంపెనీ కార్యకలాపం కాదని వాదించడం కష్టం. 2019 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ కూడా బాలల హక్కులపై చేసిన తీర్మానంలో ఆశ్రమాల్లో స్వచ్ఛంద సేవ పేరుతో జరిగే హాని గురించి సభ్యదేశాలను హెచ్చరించింది. అంతకు పదేళ్ళ ముందే, 2009 మార్గదర్శకాల్లో, కేవలం పేదరికం కారణంగా పిల్లలను కుటుంబం నుంచి వేరు చేయరాదని అదే సభ స్పష్టం చేసి ఉంది.

భారతదేశానికి ఈ వ్యవహారం పరాయిది కాదు. మహాబలిపురం పరిసరాల్లోని అనాథాశ్రమాల్లో పిల్లలపై జరుగుతున్న లైంగిక దోపిడి గురించి 2007లో వెలువడిన ఒక వ్యాసం ఆధారంగా సుప్రీంకోర్టుకు అందిన లేఖే ప్రజాప్రయోజన వ్యాజ్యంగా మారింది. పదేళ్ళ తరువాత, 2017 మే 5న, జస్టిస్ మదన్ లోకుర్, జస్టిస్ దీపక్ గుప్తాల ధర్మాసనం తీర్పు వెలువరించింది. బాలల సంరక్షణ సంస్థలన్నిటినీ నమోదు చేయాలని, పిల్లలను ఆశ్రమాల్లో ఉంచడం ఒక్కటే మార్గం కాదని, ప్రత్యామ్నాయాలను వెతకాలని ఆదేశించింది. ముంబైలోని కొలాబాలో బ్రిటిష్ పౌరులు నడిపిన యాంకరేజ్ ఆశ్రమంలో వీధిబాలలపై జరిగిన అత్యాచారాల కేసులో, హైకోర్టు నిర్దోషులుగా వదిలిన నిందితుల శిక్షను సుప్రీంకోర్టు 2011లో పునరుద్ధరించింది. సేవ పేరుతో వచ్చేవారందరినీ అనుమానించాలని ఈ కేసులు చెప్పవు. పరిశీలన లేకుండా పిల్లల దగ్గరికి ఎవరినీ వదలకూడదని మాత్రం చెబుతాయి.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ దేశవ్యాప్తంగా జరిపించిన సర్వే 2018లో వెలుగు చూసింది. 9,589 బాలల సంరక్షణ సంస్థల్లో సుమారు 3 లక్షల 70 వేల మంది పిల్లలు ఉన్నట్లు తేలింది. సర్వే నాటికి వాటిలో జువెనైల్ జస్టిస్ చట్టం కింద నమోదైనవి మూడో వంతు లోపే. 2015 నాటి ఆ చట్టం 41వ సెక్షన్ నమోదును తప్పనిసరి చేసింది. నమోదు లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆశ్రమవాసం చిట్టచివరి మార్గంగా మాత్రమే ఉండాలన్నది ఆ చట్టం ప్రకటించిన మూలసూత్రాల్లో ఒకటి.

వీసా నిబంధనల్లోనూ ఒక తేడా గమనించాలి. నేపాల్ పర్యాటక వీసా మీద వేతనం ఉన్నా లేకపోయినా పని చేయడాన్ని అనుమతించదు. మన దేశం మాత్రం ఇ-పర్యాటక వీసా మీద, ప్రతిఫలం లేని స్వల్పకాలిక సేవను గరిష్ఠంగా ఒక నెల వరకు అనుమతిస్తోంది. విదేశీ కంపెనీ ఇచ్చే రెండు వారాల సెలవు ఆ నెలలో సులువుగా ఇమిడిపోతుంది. ఆ నెలలో పిల్లల మధ్య పనిచేయదలచిన వారి నుంచి స్వదేశపు పోలీసు ధ్రువపత్రం అడిగే ఏర్పాటు ఉంటే మంచిదని నా అభిప్రాయం.

‘ఏమీ చేయకపోవడం కంటే ఇది నయం కదా’ అని చాలామంది అంటారు. సెలవు ఇవ్వడం మానమని ఎవరూ అనడం లేదు. అదే సెలవును వేరే విధంగా ఉపయోగించిన ఉదాహరణలు ఉన్నాయి. ఐబీఎం 2008లో ప్రారంభించిన కార్పొరేట్ సర్వీస్ కోర్ కింద వివిధ దేశాల ఉద్యోగులను చిన్న బృందాలుగా వర్ధమాన దేశాలకు నెల రోజుల పాటు పంపేది. అలా వెళ్ళినవారిలో భారతీయులూ ఉన్నారు. వెళ్ళడానికి ముందు నెలల తరబడి తయారీ ఉండేది. వారు చేసిన పని స్థానిక సంస్థకు సమాచార వ్యవస్థ, ప్రణాళిక, శిక్షణ సమకూర్చడం. ఔషధ సంస్థ గ్లాక్సోస్మిత్‌క్లైన్ 2009లో మొదలుపెట్టిన పల్స్ కార్యక్రమంలో ఉద్యోగులు మూడు లేదా ఆరు నెలలు జీతంతో స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవారు. సేవ్ ది చిల్డ్రన్ వాటిలో ఒకటి. టీకాల సరఫరా లెక్కలు సరిచేసిన ఉద్యోగి ఒక్క పిల్లవాణ్ణి కూడా ఎత్తుకోకపోవచ్చు. ఫొటో రాదు. ఉపయోగం ఉంటుంది.

గ్రహణమొర్రి శస్త్రచికిత్సల చరిత్ర ఈ సందర్భంలో చెప్పుకోదగినది. 1982లో స్థాపితమైన ఆపరేషన్ స్మైల్, వైద్య బృందాలను విమానాల్లో పేదదేశాలకు పంపి, కొద్ది రోజుల శిబిరంలో పిల్లలకు శస్త్రచికిత్సలు చేయించే పద్ధతితో పేరు పొందింది. 1999లో వచ్చిన స్మైల్ ట్రెయిన్ దీనికి భిన్నమైన మార్గం ఎంచుకుంది. విదేశీ వైద్యుణ్ణి పంపే ఖర్చుతో స్థానిక వైద్యులకు శిక్షణ ఇచ్చి, స్థానిక ఆసుపత్రులకే నిధులు ఇవ్వడం ఆ మార్గం. శస్త్రచికిత్స తరువాత కుట్టు విడిపోతే ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నది తల్లికి ముఖ్యమైన ప్రశ్న. ఆపరేషన్ స్మైల్ సైతం కాలక్రమంలో గువాహటిలో శాశ్వత చికిత్సా కేంద్రాన్ని నెలకొల్పింది. ప్రాణాలకు సంబంధించిన నైపుణ్యం ఉన్న వైద్యుల విషయంలోనే ‘వచ్చి వెళ్ళే’ పద్ధతికి ఇన్ని పరిమితులు కనిపించాయి. ఏ శిక్షణా లేని కార్యాలయ సిబ్బంది విషయంలో ఇంకెంత ఆలోచించాలి!

మన కంపెనీల చట్టం ఈ విషయంలో కొంత ముందుచూపు చూపిందనే చెప్పాలి. 2013 చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం నిర్దేశిత స్థాయికి మించిన కంపెనీలు సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. దేశం వెలుపల చేసిన పనులు ఈ లెక్కలోకి రావు. అంతర్జాతీయ పోటీల్లో దేశం తరఫున ఆడే క్రీడాకారుల శిక్షణ వంటిది మాత్రమే మినహాయింపు. ఉద్యోగులు ఉచితంగా వెచ్చించిన గంటలకు ధర కట్టి ఖర్చుగా చూపడం కుదరదని కంపెనీ వ్యవహారాల శాఖ 2016లో వివరణ ఇచ్చింది. గంటలు పెంచి చూపుకోవాలన్న ఆశకు ఇది కళ్ళెం.

హైదరాబాదులో స్థిరపడిన బహుళజాతి సంస్థల కేంద్రాల ద్వారా ఇప్పుడు తెలుగు యువత సేవా సెలవు పొందే పక్షంలోకి చేరింది. అమెరికాలోని మనవారిలో ఎందరికో ఈ సౌకర్యం అలవాటే. మైక్రోసాఫ్ట్ వంటి సంస్థలు ఉద్యోగి సేవ చేసిన ప్రతి గంటకు ఆ సేవాసంస్థకు డాలర్లలో విరాళం కూడా జతచేస్తాయి. ఆ గంటలు, ఆ విరాళాలు స్వగ్రామం దగ్గరి ఆశ్రమానికి చేరడం అరుదు కాదు. పుట్టినరోజున, పెద్దల వర్ధంతి నాడు అనాథాశ్రమంలో భోజనం పెట్టించడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న ఆచారం. ఆ ఆచారంలోని దయను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పిల్లలను వరుసలో నిలబెట్టి, దాత కోసం పాట పాడించి, కేకు ముందు ఫొటో తీయించే పద్ధతిని మాత్రం ఒకసారి పిల్లవాడి వైపు నుంచి చూడాలి. అటువంటి ఫొటోలు పత్రికా ప్రకటనలతో పాటు వార్తా విభాగాలకు తరచుగా వస్తుంటాయి. సంరక్షణ అవసరమైన బాలల గుర్తింపు వెల్లడించరాదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పంపినవారికి ఆ సంగతి చెబితే తరచుగా ఆశ్చర్యపోతారు.

కుటుంబం దగ్గరే పిల్లవాణ్ణి ఉంచే మార్గం మన దేశంలో కాగితం మీద మాత్రమే లేదు. మిషన్ వాత్సల్య కింద, ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్న కుటుంబంలోని పిల్లవాడికి నెలకు 4,000 రూపాయల సాయం లభిస్తుంది. తండ్రిని కోల్పోయిన పిల్లవాణ్ణి తల్లి ఆశ్రమంలో చేర్చే పరిస్థితి రాకుండా చేయడమే దాని ప్రధాన ఉద్దేశం. జిల్లా బాలల పరిరక్షణ విభాగం ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. అర్హులకు ఆ సంగతి చేరవేయడం, పత్రాలు నింపడంలో సాయపడడం, దరఖాస్తు ఏ బల్ల దగ్గర ఆగిపోయిందో కనుక్కోవడం వంటి పనులకు చదువుకున్న ఉద్యోగి ఏడు రోజుల సెలవు ఎంతో విలువైనది. విదేశంలో ఉన్నవారైతే, స్థానిక బాలల హక్కుల సంస్థకు లెక్కలు, వెబ్‌సైటు, నిధుల దరఖాస్తులు ఇంటి నుంచే చేసిపెట్టవచ్చు. ఐక్యరాజ్య సమితి స్వచ్ఛంద సేవకుల విభాగం 2000 నుంచి ఆన్‌లైన్ సేవకు అవకాశం కల్పిస్తూనే ఉంది.

సెలవు మంజూరు చేసే మానవ వనరుల విభాగం అడగవలసినవి పెద్ద ప్రశ్నలేమీ కావు. ఆ సంస్థ ఆ దేశపు చట్టం ప్రకారం నమోదైందా? పిల్లల్లో ఎందరికి తల్లిదండ్రులు ఉన్నారు? గత ఏడాది ఎందరు ఇంటికి తిరిగి వెళ్ళారు? మా ఉద్యోగి చేసే పనికి మీ ఊళ్ళో జీతం ఇచ్చి ఎవరినైనా పెట్టుకోగలరా? ఈ నాలుగింటికీ సంతృప్తికరమైన జవాబు రాకపోతే, ఆ సెలవు మరో పనికి మళ్ళించాలి.

ప్రపంచంలో సుమారు 54 లక్షల మంది పిల్లలు ఆశ్రమాల్లో ఉన్నారని 2020లో లాన్సెట్ వైద్య పత్రికల్లో అంచనా వెలువడింది. వారిని వెనక్కి పంపడం తీసుకురావడమంత సులువు కాదు. హుమ్లా జిల్లా కేంద్రం సిమికోట్‌కు ఇటీవలి కాలం దాకా జాతీయ రహదారి వ్యవస్థతో సంబంధం లేదు. చిన్న విమానంలో వెళ్ళి, అక్కడి నుంచి రోజుల తరబడి నడవాలి. కాఠ్మండూ నుంచి వచ్చిన నేపాలీ సామాజిక కార్యకర్త ఒక పాత ఫొటో, మారిపోయిన పేరు పట్టుకుని ఊరూరా తిరిగి తల్లిని వెతుకుతాడు. ఆమె దొరికాక, ఆమె భాష మరచిపోయిన కొడుకు తిరిగి అలవాటు పడే దాకా మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసి వస్తాడు. అతని జీతానికి, ప్రయాణ ఖర్చులకు ప్రతి ఏడాదీ దాతలను వెతుక్కోవాలి. రెండు వారాల సేవా యాత్రకు ఒక కంపెనీ పెట్టే విమాన టికెట్ ఖర్చు అక్కడికి చేరడం అరుదు.